ముట్టని కూర

ఆ పెద్దమనిషి తలకాయ కూర గిన్నెను పక్కకు జరిపాడు.

పొయ్యి దగ్గర రొట్టెలు కొడుతున్న గుర్వమ్మ అది చూసింది. చూసి ఊరుకుంది. వచ్చినవాళ్లు అవార్డు ఇచ్చేవాళ్లు మరి.

ఆత్మకూర్ నుంచి జూరాల పోయే దారిలో ఆమె హోటల్. డ్యాం చూడవచ్చినవాళ్లంతా చేపల కోసం ఎగబడతారు. గుర్వమ్మ చేపలు వండదు. ఆమె గొర్రెలు కాసుకునే ఇంటి కోడలు. జొన్నరొట్టె, తలకాయ కూర, బోటి, కాళ్ల షోర్వా. బోర్డు మీద ఆ పేర్లే ఉంటాయి. తెల్లవారకముందే తలకాయలు కాల్చి, గీకి, కొట్టి ఇవ్వడం భర్త లింగస్వామి పని.

పాలమూరు తిండికి పేరు తెచ్చిన హోటల్‌ను ఎంపిక చేస్తామని హైదరాబాద్ నుంచి ముగ్గురు వచ్చారు. మాట్లాడేదంతా శివకుమార్. నిహారిక అనే అమ్మాయి ఫొటోలు తీస్తోంది. గిన్నె జరిపిన మూడో ఆయనది నెరిసిన తల. పేరు చెప్పలేదు, నోరు విప్పలేదు. రొట్టెను పచ్చిపులుసులో ముంచుకొని తింటున్నాడు.

శివకుమార్ మాత్రం కూర మళ్లీ వేయించుకొని, గిన్నె ఊడ్చి తిన్నాడు.

అవార్డు మీకే వచ్చినట్టు అనుకోండి అన్నాడు. లింగస్వామి ముఖం వెలిగిపోయింది.

అయితే ఒక చిన్న మార్పు చేయాలట. పెద్ద హోటల్లో సభ జరుగుతుంది, పెద్దపెద్దవాళ్లు వస్తారు. బోర్డు మీద తలకాయ, బోటి అని ఉంటే ఫొటోలో బాగుండదు. అవి తీసేసి మటన్ కర్రీ అని రాయిస్తే చాలట.

గుర్వమ్మ చేతిలోని పిండి ముద్ద పళ్లెంలో పెట్టి లేచింది.

"తినేటప్పుడు మంచిగున్నది గద సార్. పేరెందుకు మంచిగ లేదు?"

శివకుమార్ ఇబ్బందిగా నవ్వాడు. లింగస్వామి ఆమెను పక్కకు పిలిచి, రాయించేది అక్షరాలే కదా, ఒప్పుకొమ్మని బతిమాలాడు.

ఆమె అందరికీ వినబడేలా చెప్పింది.

"మా అత్త గొర్ల ఎంబడి తిరుక్కుంట గిదే వండింది. నేను గిదే వండుతున్న. బోర్డు మీది పేర్లు తియ్యనే తియ్య. అవార్డు మీ దగ్గర్నే ఉంచుకోన్రి."

అంతటితో ఆగలేదు. మాట్లాడని ఆ పెద్దమనిషి వైపు తిరిగింది.

"మీరైతే గిన్నె గూడ దూరం వెట్టిండ్రు. ముట్టకుండనే మా తిండికి తీర్పు చెప్తరా సార్?"

ఆయన తలెత్తాడు.

"ముట్టలేనమ్మా" అన్నాడు.

"ముట్టలేనోళ్లు గింత దూరం ఎందుకొచ్చిండ్రు?"

ఆయన రొట్టె చివరి ముక్క దాకా తిని, చేతులు కడుక్కొని, ఆమెకు దండం పెట్టి కారెక్కాడు.

ఆ వారమే గుర్వమ్మ పెయింటర్‌ను పిలిపించింది. బోర్డు మీద తలకాయ కూర అన్న అక్షరాలను ఇంకా పెద్దగా రాయించింది. దారిన పోయే బస్సులోంచి కూడా కనబడాలంది. అవార్డు సంగతి లింగస్వామి అప్పుడప్పుడు ఎత్తేవాడు. ఆమె వినిపించుకోలేదు.

వానాకాలం పోయాక నిహారిక ఒంటరిగా వచ్చింది. తలకాయ కూర, రొట్టె అడిగింది.

వడ్డిస్తూ గుర్వమ్మ అవార్డు ఎవరికిచ్చారని అడిగింది.

ఎవరికీ ఇవ్వలేదంది నిహారిక. ఆ రోజు తిరిగి పోతూ కారులోనే హనుమంతు సార్ పట్టుబట్టారట. ఆ బోర్డు ఎట్లా ఉందో అట్లాగే సభలో పెట్టాలన్నారు. మిగతావాళ్లు ఒప్పుకోలేదు. అయితే అవార్డే వద్దని ఆయన రద్దు చేశారట.

"హనుమంతు సార్ ఎవరు బిడ్డా?"

"గిన్నె పక్కకు జరిపిన ఆయనే."

గుర్వమ్మ గరిటె కింద పెట్టింది. ఆ సార్‌ను జర తీస్కరమ్మంది. కూర తినకుంటే పాయె, తన చేత్తో పచ్చిపులుసు పోస్తానంది.

నిహారిక తల దించుకుంది.

"పోయిన నెలలోనే సార్ చనిపోయారమ్మా."

పొయ్యి మీద రొట్టె మాడుతున్నా గుర్వమ్మ కదలలేదు.

"మరి నేను గన్ని మాటలన్న గద. ఒక్క మాటన్న చెప్పలేదేంది?"

"ఎంపిక కోసం వెళ్లిన చోట తాను మాట్లాడకూడదని అనుకునేవారు. ఆ అవార్డు ఆయన పెట్టిందే. గొర్ల సంతలో తలకాయ కూర అమ్మి ఆయన్ను చదివించిందట వాళ్లమ్మ. ఆమె పోయిన రోజే ఆ కూర తినడం మానేసి, తర్వాత ఆమె పేరు మీద ఈ అవార్డు పెట్టారు."