వెనక సీటు అద్దం

ఠప్‌మన్న చప్పుడుకి స్నేహ వీధిలోకి పరిగెత్తింది.

పక్కింటి డాబా మీది నుంచి జారిన ఇటుక, కారు వెనక సీటు పక్కనుండే చిన్న అద్దాన్ని పొడిపొడి చేసేసింది. కిందికీ పైకీ కదలకుండా రబ్బరులో బిగించి ఉండే అద్దం అది.

సాయంత్రం నాలుగులోపు ఆ కారు ఆర్టీవో ఆఫీసులో ఫిట్‌నెస్ పాసవ్వాలి. ఇదే ఆఖరి రోజు. ఫెయిలైతే, చనిపోయిన తండ్రి యాదగిరి ప్రాణంలా చూసుకున్న ముప్పై ఏళ్ల కారు నేరుగా తుక్కులోకే!

మెకానిక్‌కి ఫోన్ చేస్తే నవ్వాడు.

"గా కాచ ఇప్పుడేడ దొర్కుతదక్కా? కంపెనీల సుత బంద్ అయింది. స్క్రాపుకిచ్చెయ్."

"నేనడిగింది అద్దం, నీ సలహా కాదు!"

ఫోన్ పెట్టేసి, భవాని పేట్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టింది. 'ఎవరి దగ్గరన్నా ఉందా? అర్జెంట్!'

పది మంది దండం బొమ్మ పెట్టారు. ఒకరు ఏడుపు బొమ్మ పెట్టారు. అద్దం మాత్రం ఎవరూ పెట్టలేదు.

పన్నెండింటికి ఒక ముసలాయన వచ్చాడు. మాసిన చొక్కా, భుజం మీద తువ్వాలు, చంకలో చాదర్ దుప్పట్లో చుట్టిన మూట.

"యాదగిరి బండి గిదేనా?"

"అవ్. స్క్రాపోల్లయితే గిట్నే తిరిగి పోండ్రి!"

ఆయన చాదర్ విప్పాడు.

అద్దం! అదే కొలత, అదే వంపు. చుట్టూ రబ్బరుతో సహా!

"అరె కాకా! యాడికెల్లి తెచ్చినవ్?"

"గ్రూపుల ఫొటో చూసిన. ఒక పాత బండి ఉండె, నడ్వదు. నూలుందా ఇంట్ల?"

"నూలెందుకు? నైలాన్ తాడుంది."

"నైలాన్ రబ్బరును కోస్తది. చాదర్ నేసే నూలు తే. నాలుగు పోగులు కలిపి పురి పెట్టు."

తండ్రి పోయి ఏడాదైనా, ఆయన నడిపిన మరమగ్గం, ఆ సాంచ మీది ఆఖరి నూలు కండె ఇంకా గూట్లోనే ఉంది. స్నేహ దాన్ని తెచ్చి, తొడ మీద పురి పెట్టింది.

ఆయన పగిలిన ముక్కల్నీ పాత రబ్బరునీ తీసేశాడు. తను తెచ్చిన రబ్బరుకు సబ్బునీళ్లు రాసి, దాని గాడిలో చుట్టూరా నూలు పరిచి, కొసలు రెండూ కారు లోపలికి వదిలాడు.

"నువ్వు బయటికెల్లి అద్దాన్ని ఒత్తు. నేను లోపల నూలు గుంజుత. నూలు వస్తాంటే దాని ఎంబడే రబ్బరు అంచు రేకు మీదికెక్కుతది."

లోపల కూర్చోబోతూ సీటు మీద తువ్వాలు పరిచాడు.

స్నేహకు చిర్రెత్తింది.

"తువ్వాలు తియ్ కాకా! గీ బండిల ఎవ్వలు కూసున్నా సీటు ఖరాబ్ కాదు. మా బాపు దీన్ని కొన్నదే గందుకు!"

"ఎందుకు?"

ఇక ఆగుతుందా!

"దాజీ పేట్ల పెంటప్ప సేట్ తెల్సా? ఆయన కార్ఖానాల మా బాపు సాంచలు నడిపెటోడు. నేను పుట్టే దినం జోరు వాన. అమ్మకు నొప్పులు. బాపు డ్రైవర్‌ను బతిలాడి సేట్ కార్ల కూసోబెట్టిండు. సేట్ వచ్చి దించేసిండు. సీటు ఖరాబైతదట! సాంచోల్లకు కారెందుకట! నేను రిక్షాల పుట్టిన కాకా, గా వానల!"

అద్దం అవతల ముసలాయన తల వంచుకుని నూలు గుంజుతున్నాడు.

"ఆరేండ్లకు బాపు గిదే మోడల్ కొన్నడు. గదే రంగు! ప్రతి దసరాకు అమ్మను వెనక కూసోబెట్టి, సేట్ గేటు ముందట మూడు హారన్లు! గా పిరికోడు ఒక్కసారి గేటు తెర్వలే. మొకం సుత చూడలే నేను. ఇయ్యాల పాసైతే దసరా దాక ఆగ, సీదా సేట్ గేటు కాడికే పోత!"

ఫట్. నూలు తెగింది.

"అయ్యో! పాయె!"

"ఏం పోలే."

ఆయన ముందుకు వంగాడు. గాడిలో మిగిలిన కొసను గోటితో పైకి లాగాడో లేదో, రెప్పపాటులో ముడి పడిపోయింది. అచ్చం తండ్రి వేసినట్టే. సన్నగా, తడిమినా తెలియకుండా.

"కాకా! నువ్వు సుత సాంచ మీద చేసినవా?"

"చేసిన. పదేండ్లు. తర్వాత మర్చిపోయిన."

"పనా?"

"కాదు బేటా. చేసిన సంగతి."

చివరి జానెడు నూలు బయటికొచ్చింది. అద్దం టక్కున కూర్చుంది.

స్నేహ ఎగిరి గంతేసింది. "ఆగు కాకా! అమ్మ చుట్టిన బీడీలు కార్ఖానాల ఇచ్చి ఇప్పుడే వస్తది. చాయ్ తాగి పో."

అమ్మ అనగానే ఆయన తువ్వాలు అందుకున్నాడు.

"వద్దు బేటా. పనుంది."

పేరైనా చెప్పకుండా సందు మలుపు తిరిగిపోయాడు.

మూడున్నరకు ఇన్‌స్పెక్టర్ ఆ అద్దాన్ని వేలితో తట్టి చూసి, పాస్ చేశాడు.

"చలో అమ్మా, దాజీ పేట్!"

వెనక సీట్లో, ఆ అద్దం పక్కనే, అమ్మ సరోజ నడుం నిటారుగా పెట్టి కూర్చుంది. యాదగిరి లేకుండా ఇదే మొదటిసారి.

సేట్ ఇంటి ముందు కారు ఆపి, స్నేహ హారన్ మీద చెయ్యి వేసింది.

ఈసారి గేటు తెరిచే ఉంది.

లోపల ఇటుకల మీద నిలబెట్టిన కారు. అదే మోడల్. అదే రంగు. వెనక సీటు పక్కన అద్దం లేదు. ఆ కంతకు అడ్డంగా తువ్వాలు కడుతున్న ముసలాయన వీళ్ల కారు చూసి, తువ్వాలు వదిలేసి, హారన్ కోసమే ఎదురుచూస్తున్నవాడిలా నిలబడ్డాడు.

స్నేహ చెయ్యి కదల్లేదు.

"ఏమైందే? కొట్టు!" వెనక నుంచి సరోజ గొంతు గట్టిగా వచ్చింది. "ఇన్నేండ్లకు బయటికొచ్చి నిలవడ్డడు, గాయనే పెంటప్ప సేట్."