చూసినవాళ్లెవరు?

కృష్ణా వంతెనకు కొంచెం ముందే బడి బస్సు ఆగి ఉంది.

శక్తినగర్ బడి నుంచి ఏటి అవతలి ఊళ్లకు పిల్లలను దించే బస్సు అది. వెనకాల స్కూటర్ మీద వస్తున్న బస్సు యజమాని రంగా గభాలున బ్రేకు వేశాడు.

పిల్లలంతా తుమ్మచెట్ల కింద కూర్చుని ఉన్నారు. డ్రైవర్ లేడు.

పిలవగా పిలవగా, రోడ్డు దిగువన బండల వెనక నుంచి వీరేశ్ తూలుతూ వచ్చాడు. చొక్కా నిండా మట్టి. పెదవి మీద నెత్తురు.

"పిల్లల్ని రోడ్డు మీద ఇడిసి ఏడికి పోయినవ్‌రా?"

"ఫిట్స్ వచ్చినయ్ సావుకారీ. తలల ఇనుప ముక్క ఉన్నది. మందులతోని తగ్గిందనుకున్న."

"ఫిట్సా, సారానా? తాళంచెవి గిట్లియ్యి. రేపటి సంది రావద్దు."

వీరేశ్ ఇచ్చేశాడు.

శ్రీలంక వెళ్లిన పటాలంలో సిపాయి అతను. మందుపాతర పేలి, దాని ఇనుప ముక్క తలలోనే ఉండిపోయి ఇంటికొచ్చాడు. ఏ పనిలోనూ నిలబడలేడని రుజువైతేనే పూర్తి పింఛను. ఆ సంగతి తేల్చడానికి వైద్య బోర్డు కూర్చుంది. అతన్ని పనిలోంచి తీసేసిన రంగాను కూడా పిలిపించింది.

బోర్డు కూర్చునే రోజు పొద్దున వీరేశ్ రంగా ఇంటికి వచ్చాడు.

"పని చెయ్యలేకపోయిండని ఒక్క మాట చెప్పండి సావుకారీ."

"నేను చూసింది చెప్త," అన్నాడు రంగా.

బోర్డు అధికారి ఎక్స్‌రేను వెలుతురులో పెట్టి చూశాడు.

"ముక్క ఉంది. ముక్క ఉన్నవాళ్లు ఎంతమంది పని చేసుకోవడం లేదు? నీకు ఫిట్స్ రావడం చూసినవాళ్లెవరు?"

"ఎవ్వరూ చూడలే సార్."

"ఇన్నేళ్లలో ఒక్కరూ చూడలేదా?"

"లేదు సార్."

"ఇంట్లోవాళ్లు?"

వీరేశ్ మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "వాళ్లు గూడ చూడలే."

అధికారులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎప్పుడైనా బస్సు గుద్దాడా?" అని రంగాను అడిగారు.

"లేదు సార్. బస్సుకు గీత గూడ పడలే. పని చేతగాక కాదు, పిల్లల్ని ఇడిసి పోయిండని తీసేసిన."

వీరేశ్ తల తిప్పి చూశాడు. రంగా కిటికీ వైపు తిరిగాడు.

దరఖాస్తు కొట్టేశారు.

ఆ ఎండాకాలంలోనే వీరేశ్ పోయాడని కబురొచ్చింది. లోపల గడియ పెట్టుకున్న గదిలో శవం దొరికిందట. ఏదో మింగాడని బజారులో అనుకున్నారు.

రంగా కంచం ముందు నుంచి లేచాడు. స్కూటర్ తీసి వీరేశ్ ఇంటికి వెళ్లాడు.

వీరేశ్ భార్య మారెవ్వ గడప మీద కూర్చుని ఉంది. ఒళ్లో చంటిది నిద్రపోతోంది.

"నేను ఆ దినం బోర్డు ముందర అట్ల చెప్పకపోయుంటే..." రంగా ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. "ఏం మింగిండమ్మా?"

"ఏం మింగలే. ఫిట్స్ వచ్చి రోటి మీద పడిండు. తలుపు పగలగొట్టి చూసేటాళ్లకు పానం లేదు."

"మరి గడియ ఎందుకు పెట్టుకున్నడు?"

"ఎప్పుడూ గంతే. చెయ్యి తిమ్మిరెక్కంగనే, పిల్లల్ని నా చేతికిచ్చి బయటికి పంపి గడియ పెట్టుకుంటుండె. చూస్తే జడుసుకుంటరని. నన్ను గూడ చూడనియ్యలే."



మారెవ్వ చంటిదాని తల సవరిస్తూ, తలెత్తకుండానే అంది.

"ఆ దినం బస్సుల అంతమంది పిల్లలుండిరి. గడియ పెట్టుకోను తలుపు లేక, బండల చాటుకు పాక్కుంట పోయిండంట సావుకారీ."