ఏడో నంబరు బ్రెడ్డు

“ఏడో నంబరు ఎవరిది?” అని తక్కెడ టీచరు రెండోసారి అడిగారు.

క్లాసులో ఎవరూ కదల్లేదు. బల్ల మీద పళ్ళేల వరసలోంచి ఏడో పళ్ళెం ఒక్కటే ముందుకు జరిపి ఉంది. అందులోని బ్రెడ్డు ముక్కలు నడుం విరిగినట్టు కుంగిపోయాయి. లోపల బొక్కలే బొక్కలు. యాభైకి పద్నాలుగు.

తక్కెడ అన్నది, మార్కులు తూచి వేస్తారని టీచరుకి పిల్లలు పెట్టుకున్న పేరు. ఆహార శాస్త్రం పరీక్షల్లో ఆవిడ పద్ధతే వేరు. పిండి కలిపి టిన్నుల్లో పెట్టాక పిల్లలంతా బయటికి వెళ్ళిపోవాలి. అటెండరు వాటిని ఓవెనులో కాల్చి, ముక్కలు కోసి, టిన్ను అడుగున ఉన్న నంబరు ప్రకారం పళ్ళేల్లో సర్దుతాడు. ఏది ఎవరిదో తెలియకుండానే టీచరు రుచి చూసి మార్కు వేస్తారు. వేసిన మార్కు మారదు. హెడ్మాస్టరు మేనకోడలు ముక్కు చీదుకుంటూ గంటసేపు నిలబడినా, కిందటి నెల ఆ పిల్ల తొమ్మిది తొమ్మిదిగానే ఉండిపోయింది. తప్పినవాళ్ళు బల్ల ముందుకొచ్చి, ఎందుకు చెడిందో అందరికీ చెప్పాలి. మూడుసార్లు తప్పితే ఈ క్లాసు వదిలేసి కుట్టుపని క్లాసుకి వెళ్ళాలి.

చివరి బెంచీలో మూగనోము తల దించుకుని కూర్చుంది. నోట్లోంచి మాట ఊడిపడదని ఆ పేరు. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఇవాళ కంగారులో టిన్ను అడుగున నంబరు చూసుకోవడం కూడా మరిచిపోయింది. మిగతా వాళ్ళంతా తమ తమ నంబర్లకి లేచారు. లేవనిది తనొక్కతే.

కుట్టుపని అంటే ఆమెకి చిన్నచూపేమీ లేదు. కానీ పాలు ఎందుకు పొంగుతాయో తెలుసుకున్న రోజున ఇంటికి పరుగెత్తి, అమ్మమ్మని పొయ్యి దగ్గర నిలబెట్టి మరీ చెప్పింది. ఆ పిల్ల ఇంట్లో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఈ క్లాసు పోతే తన నోరు మళ్ళీ మూతపడిపోతుందని ఆమె భయం.

పక్కనున్న లౌడుస్పీకరు ఆమెని గిల్లింది. గుసగుసలాడినా మూడు బెంచీలకి వినిపించే గొంతు కాబట్టి చెవిలో నోరు పెట్టి చెప్పింది.

“మూడో నంబరుకి కూడా ఎవరూ లేవలేదు కదే. నలభై ఆరు. అది నాదని లే. ఎవరు అడగొచ్చారు?”

“అది నాదని నాకు తెలియదుగా.”

“మరి ఏడు నీదని తెలుసా?”

తెలియదు. కానీ తనకి నలభై ఆరు వచ్చిందని నమ్మడం కంటే పద్నాలుగు వచ్చిందని నమ్మడమే ఆమెకి తేలిక. మూగనోము లేచి నిలబడింది.

“ఏడు నాది టీచర్.”

ఎందుకు చెడిందో చెప్పమన్నారు టీచరు. ఆమె బల్ల ముందుకొచ్చి ఒక ముక్క తీసుకుంది. వేలితో నొక్కింది, చీల్చి చూసింది, కొంచెం నోట్లో వేసుకుంది. తర్వాత, క్లాసు ఎన్నడూ విననన్ని మాటలు వరసగా మాట్లాడింది. ఈస్టు బాగానే పనిచేసిందట, లేకపోతే ఇన్ని బొక్కలు రావట. పని ఎక్కువైపోవడమే చిక్కట. ఈస్టుకి కళ్ళెం వేసేది ఉప్పే. అది లేకపోతే పిండి అదుపు తప్పి పొంగి, తన బరువు తనే మోయలేక కూలబడుతుంది. ముక్క కూడా చప్పగా ఉంది.

“ఉప్పు వేశాననే అనుకున్నాను టీచర్. బ్రెడ్డు అబద్ధం చెప్పదు కదా. వేయలేదన్నమాట.”

టీచరు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. ఈ సంగతి పుస్తకంలో కూడా ఇంత బాగా రాయలేదన్నారు. అయినా మార్కు మారదన్నారు. రేపటి నుంచి కుట్టుపని క్లాసుకి వెళ్ళమని చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు బాగా తగ్గింది. మూగనోము తల ఊపి, సంచీ తీసుకోవడానికి వెనక్కి తిరిగింది.

ఇక లౌడుస్పీకరుకి నోరు ఆగలేదు.

“ఇది ఉప్పు వేసింది టీచర్. వేశానా లేదా, వేశానా లేదా అని నా ప్రాణం తోడేసింది. వేశావే తల్లీ అని నేనే చెప్పాను.”

“నువ్వు చూశావా?”

“చూడకపోతే నన్ను వదిలితేగా.”

క్లాసంతా నవ్వింది. టీచరు నవ్వలేదు. ఏడో పళ్ళెంలోంచి చిన్న ముక్క తుంచి మళ్ళీ నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలారు. మూడో పళ్ళెం వైపు చూశారు. గుమ్మం దగ్గరున్న అటెండరు వైపు చూశారు. అతను ఎటు చూడాలో తెలియక పైకప్పు చూస్తున్నాడు.

వేసిన మార్కు మారదని ఆవిడ మరోసారి అన్నారు. మూడో నంబరుకి నలభై ఆరు, అది మూగనోముది. ఏడో నంబరుకి పద్నాలుగే. ఆ మాట అని కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, తప్పిన పిల్లలు నిలబడే చోట చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“ప్రతి పరీక్షలోనూ నా బ్రెడ్డు ఒకటి మీ వాటిలో కలిపి పెట్టిస్తాను. ఇవాళ మూడోది నాదేననుకుని మురిసిపోతూ కూర్చున్నాను. ఉప్పు మరిచిపోయింది నేను, ఏడు నాది. మూగనోమూ, నాకింకా రెండు అవకాశాలు మిగిలాయి కదూ?”