బండి తెస్తేనే బూటు

“ఇంజన్ ఆపెయ్యండి బాబూ. లోపలికి సత్తిబాబు తోస్తాడు,” అంది నాగరత్నం.

శ్రావణ్‌కుమార్ తాళం తిప్పి దిగాడు. ఇస్నాపూర్ వెనక సందులో రేకుల షెడ్డు అది. రబ్బరు కాలిన వాసన గడప దాకా వస్తోంది. కిష్టారెడ్డిపేట నుంచి ఇక్కడికి వచ్చేలోగా, మలుపు తిరిగిన ప్రతిసారీ ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు. ఇరుసు కీలు మీద గ్రీజు నిలిపే రబ్బరు తొడుగు చిరిగిపోయింది. మెకానిక్‌లు దాన్ని బూటు అంటారు.

“బూటు చేతికిస్తే ఇంటికాడ నేనే బిగిచ్చుకుంటుంటి గదమ్మా. బండి ఎందుకు?”

“కొలత కాస్త తేడా వచ్చినా గ్రీజంతా కారిపోతుంది. ప్రకటనలోనే పెట్టాం కదా, బండి తెస్తేనే అని.”

“బయటినుంచి తెప్పిచ్చేటోడు ఒక్కదానికి పన్నెండు వేలన్నడు. అదిగూడ నెలన్నర ఆగాలంట. మీరేమో ఎనిమిది వందలకే జత అంటిరి.”

“రబ్బరే కదా బాబూ,” అంది నాగరత్నం.

ఆమె తమ్ముడు సత్తిబాబు ఆ ఎర్ర కారును లోపలికి తోసి, జాకీలు పెట్టి లేపాడు. ఇరవై ఏళ్ల నాటి రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. నాన్న పొలం ప్లాట్లయిన ఏడాది శ్రావణ్ ముచ్చటపడి కొన్నది. సత్తిబాబు ముందు చక్రాలు రెండూ ఊడదీశాడు.

“ఒక్క దిక్కే కదన్నా పోయింది?”

“రెండోది కూడా చూడాలి సార్.” బోల్టులన్నీ డబ్బాలో వేసి, డబ్బాను లోపలి గదిలో పెట్టి వచ్చాడు. తర్వాత బండి కిందికి దూరి ఫోన్‌తో ఫొటోలు తీయసాగాడు.

“ఫొటోలు ఎందుకు?”

“కొలతలకి సార్.”

నాగరత్నం ప్రెస్సు దగ్గర నిలబడి ఇనుప అచ్చులో నల్లటి రబ్బరు ముద్ద పెట్టింది. “ఇదంతా మా ఆయన చూసుకునేవారు. పోయిన కార్తీకం నుంచి నేనే నేర్చుకున్నాను.”

శ్రావణ్ టైమ్ చూసుకున్నాడు. అప్పుడే ఫోన్ మోగింది. భార్య నిషిత.

“చేసిండ్రా?”

“చేస్తున్నరు. గంటల అయిపోతది.”

“రేపు బెంగళూరాయన వస్తడా నిజంగ?”

“వస్తడు. బండి నడిస్తే కొని తీస్కపోతనన్నడు. నడవకుంటే ఉత్తచేతుల పోతడంట.”

“ఎట్లనన్న జేసి పంపియ్యి. నేను సెల్లారుకు పోవుడే బంద్ జేసిన. నిన్న మల్ల హారన్ ఇనబడ్డది.”

“కవర్ కప్పి, బ్యాటరీ తీసిపెట్టిన బండికి హారన్ ఎట్ల మోగుతదే?”

“గదే కదా నేననేది,” అంది నిషిత.

ఫోన్ పెట్టేసి చూస్తే నాగరత్నం అతని వైపే చూస్తోంది. “అమ్మాయి భయపడుతోందా?”

“బండికి ఏదో సోకిందంటదమ్మా. నిమ్మకాయలు గూడ కట్టింది. ఇది ఇంట్ల ఉన్నన్ని దినాలు అన్నం దిగదంట.”

“మీరు నమ్ముతారా?”

“నేను నమ్మ.” అన్నాడు గానీ, మాట్లాడుతూనే కారుకు వీపు పెట్టి నిలబడ్డాడు.

సత్తిబాబు చిరిగిన బూటును కోసి తీసి ఇచ్చాడు. సగానికి పైగా లేదు. మిగిలిన దాని చుట్టూ ఎవరో పాలిథిన్ కవరు చుట్టి తీగతో కట్టారు. నాగరత్నం దాన్ని పాతగుడ్డతో ఓపికగా తుడిచింది, పసిపిల్ల మొహం తుడిచినట్టు.

“కట్టింది ఎవరు?”

“నేనే. బయటి మెకానిక్‌కు సూపియ్యలే.”

“ఎలా చిరిగింది?”

“రాయి తగిలిందమ్మా.”

“ఏ రోడ్డులో?”

“యాదికి లేదు. నవంబర్ నుంచి బండి బయటికే తియ్యలే. పని ఎక్కువుండె.”

“రాయికైతే ఇలా చిరగదు,” అంది ఆమె మెల్లగా. “ఏదో మెత్తటిది చుట్టుకుని లాగితే చిరుగుతుంది. గుడ్డలాంటిది.”

నాగరత్నం ఫ్లాస్కులోంచి పోసిచ్చిన టీ శ్రావణ్ ఒక్క గుక్కలో తాగేశాడు. నాలుక కాలింది.

సత్తిబాబు వెళ్లి షట్టరును సగం దాకా దించాడు. “దుమ్ము వస్తోందక్కా.”

బయట కంపెనీ బస్సులు వెళ్తున్న చప్పుడు తగ్గింది. ప్రెస్సు ఉస్సుమంటోంది. షట్టరు సగం దిగాక లోపల మసకగా, వేడిగా ఉంది. చక్రాల్లేని కారు మోకాళ్ల మీద కూర్చున్నట్టుంది.

“జెర జల్దీ చెయ్యిరమ్మా. పొద్దుగూకకముందే ఇల్లు చేరాలె.”

“అయిపోయింది.” అచ్చు తెరిచి, వేడి వేడి బూటును పట్టకారుతో బయటికి తీసి, నీళ్లలో ముంచి ఇచ్చింది. మడతమడతకూ అంచు తీరుగా, తేడా లేకుండా వచ్చింది. శ్రావణ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ రోజుకు మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాడు. రేపు ఈ వేళకు బండి జిల్లా దాటిపోతుంది.

“కంపెనీదానికన్న మంచిగుందమ్మా. ఇట్లాంటివి ఎన్ని అమ్మినరు?”

“ఇదే మొదటిది.”

“ఒక్కటి గూడ అమ్మలేదా?” నవ్వాడు. “మరి అచ్చు ఎందుకు చేయించినరు? ఈ జిల్లాల గీ మోడల్ నాదొక్కటే. ఇంకో బండి ఉంటే నాకు తెల్వకుండ ఉండది.”

“స్పేరు పార్టుల షాపువాళ్లు నాకూ అలాగే చెప్పారు బాబూ. అందుకే చేయించాను.”

సత్తిబాబు చేతులు తుడుచుకుంటూ వచ్చి షట్టరు దగ్గర నిలబడ్డాడు.

శ్రావణ్ నవ్వు సగంలో ఆగింది. “అచ్చుకు సాంపిల్ కావాలె గదా. అది ఎక్కడ దొరికింది మీకు?”

నాగరత్నం చేతిలోని పాతగుడ్డ మడత పెట్టింది.

“రుద్రారం రోడ్డు మీద, మా ఆయన శవం పక్కన.”