మంచు కింద నిమ్మకాయ

ఇప్పుడు లంబసింగిలో ఏటా మోకాలిలోతు మంచు పడుతోంది. నెలలు నిండిన మా అమ్మాయి నూకరత్నాన్ని ఆ కొండ మీంచి ఇవాళే దింపాలని, తనంతట తానే నడిచే బండి కొనడానికి చింతపల్లి షోరూంకి వెళ్లాం.

షోరూం ముందు ఆరుబయట నిలిపిన వాటిలో రెండు బండ్లు నచ్చాయి. మా ఆవిడ వరహాలు ఆగలేక రెండింటి చక్రాల ముందూ నిమ్మకాయలు పెట్టేసింది. కురుస్తున్న మంచు వాటిని కప్పేసింది.

కదలమంటే మొదటి బండి వాటిని తొక్కేసి పోయింది. రెండోది కదలనే లేదు. “అమ్మా, మంచు కింద ఏదో ఉంది,” అంది ఆ బండే.

“నిమ్మకాయకే జడిసేది ఘాట్ ఏం ఎక్కుతుందండీ?” అంది వరహాలు.

“నిమ్మకాయనే చూసింది, లోయ అంచు చూడదా, పిచ్చిదానా!” అని అరిచాను.

ఆమె మొహం వెలిగింది. బానెట్ నిమిరి, “తొక్కు తల్లీ, అది నీ దిష్టికే,” అంది. నిమ్మకాయలు ఫట్‌మన్నాయి. కొబ్బరికాయ కొట్టడం అమ్మాయి కొండ దిగాకే అనుకుని ఇద్దరం ఎక్కేశాం.