పదహారో పటం

కూతురు పాత పత్రికను తడిపి పటాల అద్దాలు తుడుస్తోంది. హాల్లో మొత్తం పదహారు. ఎడమ గోడ మీద గోపురాలు, వంతెనలు, వాటికి ప్లాన్లు గీసిన మహానుభావులు. కుడి గోడ మీద సముద్రాలు దాటినవాళ్ళు, ఎడారులు దాటినవాళ్ళు, దాటబోయి మంచులో కూరుకుపోయినవాళ్ళు.

అన్నీ ఆమె చేతి బొమ్మలే. బడిపిల్లల చార్టులు అచ్చువేసే కంపెనీ పాత పుస్తకాల్లోంచి బొమ్మలు పంపిస్తుంది. వాటిని చూసి ఆమె పెద్దవిగా గీసి, రంగులు వేసి ఇస్తుంది. అచ్చయ్యాక అవి ఇంటికి తిరిగొస్తాయి. తండ్రి ఫ్రేములు కట్టిస్తాడు. కంపెనీ నుంచి వచ్చిన చీటీని ఆమె ప్రతి ఫ్రేము వెనకా అంటించి పెట్టుకుంటుంది. వెనక్కి తిప్పి చూసే ఓపిక ఆ ఇంట్లో ఇంకెవరికీ లేదు.

వచ్చినవాళ్ళందరికీ తండ్రి ఆ పటాలు చూపిస్తాడు. ఎవరు గీశారో మాత్రం చెప్పడు. "చూసి దించడం కూడా ఒక విద్యేనా!" అంటాడు.

ఆయన విద్య వేరు. ముఖం చూసి మనిషి గుట్టు చెప్పేస్తాడు. ముప్ఫై ఏళ్ళు ఒక ఫ్యాక్టరీలో పనివాళ్ళను ఎంచింది ఆయనే. కాగితాలు ముట్టుకునేవాడు కాదు, ముఖం చూసేవాడు. ఆయన మెచ్చి పెట్టిన కాపలాదారు ఒకరోజు గేటుతో సహా మాయమయ్యాడు. "దొంగచూపులు" అని ఆయన వెనక్కి పంపినవాడు అదే ఫ్యాక్టరీకి మేనేజరై వచ్చి, ఆయన చేతికి రిటైర్మెంటు కాగితం ఇచ్చాడు. అయినా ఆయన నమ్మకం చెక్కుచెదరలేదు.

కొడుక్కి నత్త అని పేరు పెట్టింది ఆయనే. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ గంటల తరబడి రాయిలా కూర్చుంటాడని.

ఆ ఉదయం నత్త సంచీ సర్దుకుని, కాగితం పట్టుకుని తండ్రి కుర్చీ ముందు నిలబడ్డాడు.

"నాన్నా, సంతకం."

సముద్రం లోతులు కొలిచే ఓడలో ఉద్యోగం. రైలు పదకొండింటికి. కాగితం అడుగున 'ఇంట్లో పెద్దవారి సంతకం' అని ఒక గీత. ఆ గీత ఖాళీగా ఉంటే ఓడ ఎక్కనివ్వరు.

తండ్రి గోడవైపే చూస్తున్నాడు. లోకంలో అందరి ముఖాలూ చదివే ఆయన, కొడుకుతో మాత్రం ఎప్పుడూ గోడను చూస్తూనే మాట్లాడతాడు.

"ఓడలో నువ్వేం చేస్తావురా? లంగరు ఉద్యోగమా?"

"యంత్రం ముందు కూర్చుని అంకెలు రాయాలి నాన్నా. నాలుగేసి గంటలు కదలకూడదట."

"ఓహో, కూర్చున్నందుకు కూడా జీతాలిస్తున్నారన్నమాట! ఆరేళ్ళప్పుడు ఈ గడపే తట్టుకుని బోర్లాపడ్డావు. మూడు కుట్లు. గడప దాటలేనివాడు సముద్రం దాటుతాడట!"

"పరీక్ష రాసి పాసయ్యాడు కదా నాన్నా" అంది కూతురు.

"పరీక్ష చేత్తో రాస్తారమ్మాయ్. ధైర్యం ముఖాన రాసుండాలి. ఏదీ, ఆ పదహారోది ఇలా తే."

ఆమె మేకు మీంచి తీసి ఇచ్చింది. ఎవరూ దాటని సముద్రాన్ని మొదట దాటిన నావికుడు. ఈకల టోపీ, గుబురు గడ్డం. తండ్రికి ప్రాణమైన పటం.

"ఇదీ ముఖమంటే! ఆ కళ్ళు చూడు, తుఫాను ఎదురొచ్చినా రెప్ప పడదు. ఎడమ కనుబొమ్మ మీద ఆ గాటు చూశావా? తెరచాప కొయ్య విరిగి తగిలుంటుంది. చరిత్రలో రాయలేదులే, నేను చెబుతున్నాను. ఇలాంటివాడు ఓడ ఎక్కుతాడు. నీలాంటివాడు రేవులో నిలబడి చేయి ఊపుతాడు."

నత్త అక్కవైపు చూసి కిసుక్కున నవ్వాడు. అక్క గబుక్కున పక్క పటం తుడవడంలో పడింది.

"ఎందుకురా ఆ నవ్వు?"

"ఏం లేదు నాన్నా. ఆయన మొదటిసారి ఓడ ఎక్కేటప్పుడు సంతకం ఎవరు పెట్టుంటారా అని."

"ఎవడి కడుపున పుట్టాడో, ఆ అదృష్టవంతుడు!" తండ్రి కాగితాన్ని ఉండచుట్టి నేలమీద పడేశాడు. "నేను పెట్టను. పో, వెళ్ళి కూర్చో. అదొక్కటే కదా నీకొచ్చింది."

గడియారంలో పదిన్నర.

నత్త కదల్లేదు. కదిలింది అక్క. ఉండను విప్పి, బల్లమీద అరచేత్తో సాపు చేసింది. కలం తీసింది. పదహారు బొమ్మల్లో ఒక్కదాని కిందా సంతకం పెట్టని మనిషి, ఆ గీత మీద పొందిగ్గా పేరు రాసింది.

"నువ్వు ఇంటికి పెద్దవా?" అన్నాడు తండ్రి.

"వాడికి పెద్దదాన్నేగా నాన్నా."

"చాల్లే సంబడం! వారం తిరక్కుండా ఓడంతా వాంతులు చేసి తిరిగొస్తాడు, చూస్తుండు." ఆయన పటాన్ని ఒళ్ళో పెట్టుకుని, నావికుడి నుదుటి మీది దుమ్మును చొక్కా చేతితో తుడిచాడు. "ఇలాంటివాడు ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నా కడుపున పుట్టి ఉంటేనా!"

నత్త కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంచీ భుజానికి తగిలించుకున్నాడు. గడప దాటి వెళ్ళిపోయాడు.

తండ్రి తలెత్తి చూడలేదు. అక్క ఆయన ఒళ్ళోంచి పటం అందుకుంది. తిరిగి మేకుకు తగిలించబోతూ, వెనకవైపు అంటించిన చీటీని బొటనవేలితో ఒకసారి నిమిరింది:

"ఈయన బొమ్మ ఏ పుస్తకంలోనూ దొరకలేదమ్మా, మీ ఇంట్లో కదలకుండా కూర్చునే మగవాళ్ళెవరైనా ఉంటే ఆ ముఖమే చూసి గీసి, ఒక గడ్డం తగిలించి పంపేయండి."