మూడు గీతల వెనక

ఒక్క ఓటు.

రెండుసార్లు లెక్కపెట్టించారు. రెండుసార్లూ అదే తేలింది. వార్డు మెంబరుగా నిలబడ్డ బావ, రిటైరైన నర్సమ్మ చేతిలో ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు.

మర్నాడు పొద్దున్నే రంగుల దుకాణం పై గదిలో అక్క ఓటర్ల జాబితా పరుచుకుని కూర్చుంది. ఒక చేతిలో ఎర్ర పెన్ను, ఇంకో చేతిలో ఫోను. ఓటెయ్యని మనవాళ్ళ పేర్లకి అప్పటికే సున్నాలు చుట్టేసింది. ఎదురుగా తమ్ముడు, రంగు డబ్బా బోర్లించుకుని దాని మీద తల వంచుకుని కూర్చున్నాడు. బావ ప్రచారానికి వెబ్‌సైటు తయారుచేసింది అతనే.

"పద్నాలుగు మంది," అంది అక్క. "వీళ్ళలో ఇద్దరు వేసినా గట్టెక్కేవాళ్ళం. ఎందుకు వెయ్యలేదో ఒక్కొక్కళ్ళనీ కడిగేస్తా."

మొదటి ఫోను దర్జీకి. స్పీకరు పెట్టింది.

"వెయ్యకూడదనా అమ్మా? ఈసారి పోలింగు బళ్ళు మార్చారుగా. ఏ బడికి వెళ్ళాలో మీ సైటులో చూసుకోమన్నారు. చూశాను. ఎటు నొక్కినా మీవారి ఫొటోలే! రిబ్బను కత్తిరిస్తూ ఒకటి, మొక్క నాటుతూ ఒకటి. విసుగొచ్చి పాత బడికే పోయాను. గంటసేపు లైన్లో నిలబెట్టి, నీ పేరిక్కడ లేదు పొమ్మన్నారు."

రెండో ఫోను మాజీ పోస్టుమాస్టరుకి.

"పైన మూలన మూడు గీతలున్నాయే, అవి నొక్కాలని నాకేం తెలుసమ్మా? సోకు కోసం గీశారనుకున్నా. మనవరాలు చెప్తే నొక్కాను. బారెడు జాబితా దిగింది. ఒకదాని మీద వేలు పెడితే పక్కన ఇంకోటి తెరుచుకుంది. దాన్ని అందుకుందామని వేలు జరిపేలోగా మాయం! నీళ్ళలో చేపపిల్లని పట్టుకున్నట్టుంది నా పని. ముప్పై ఏళ్ళు, సరైన చిరునామా లేని ఉత్తరాలు కూడా ఇళ్ళకి చేర్చినవాణ్ణి. నా ఒక్క ఓటు చేర్చుకోలేకపోయాను."

తమ్ముడికి చెవులు కాలిపోయాయి.

"తప్పు నాదేనక్కా."

"మరి నాదా? పోలింగు బడి ఎక్కడో చెప్పే ఆ మీట అసలెక్కడ దాచావురా?"

"'మా గురించి'లో 'మన వార్డు' ఉంటుంది. అందులో 'సేవలు'. దాని కింద..."

"బీరువాలో పెట్టె, పెట్టెలో సంచి, సంచిలో మూట! దొంగలకి కూడా దొరక్కుండా పెట్టావు కదరా నాయనా!"

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. బావ మూడు టీ గ్లాసులు పట్టుకుని పైకొచ్చాడు. గడ్డం గీసుకోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక గ్లాసు బావమరిది చేతిలో పెట్టాడు.

"వాణ్ణెందుకు అంటావే? వాడు ఆరు మీటలు చాలన్నాడు. ఇరవై ఏడు పెట్టించింది నేను. నా బాల్యం, నా ఆశయాలు, నా సన్మానాలు. ఆరంటే నాకు నామోషీ అనిపించింది."

"బాల్యం ఎవడికి కావాలండీ?" అంది అక్క.

"నాకు కావాల్సొచ్చింది, ఏం చేస్తాం." బావ గోడకి చేరగిలబడ్డాడు. "ఆ నర్సమ్మ సైటు చూశావుగా? మెనూ లేదు, మన్నూ లేదు. ఒకటే పేజీ. తన పేరు, చెయ్యబోయే మూడు పనులు, ఏ వీధివాళ్ళు ఏ బడికి వెళ్ళాలో, కింద ఫోను నంబరు. అంతే. అది చూసి ఎంత నవ్వుకున్నామోయ్ మనం!"

తమ్ముడు తలూపాడు. నిజానికి ఆ రోజు నవ్వింది బావ ఒక్కడే.

"మూడొందల మెజారిటీకి తగ్గదన్నారు అందరూ," అన్నాడు బావ. "ఆవిడకి పట్టుమని పది ఓట్లు పడితే గొప్పన్నాను నేను. అలా అన్నప్పుడల్లా నువ్వు నా మొహంకేసి అదోలా చూసేవాడివి."

టీ చేదుగా అనిపించింది తమ్ముడికి. అమ్మా నాన్నా పోయాక తనని తెచ్చి ఈ ఇంట్లో పెట్టుకున్నది ఈ మనిషే. కంప్యూటరు కొనిచ్చి, రంగు డబ్బాలు కిందికి దించి, ఈ గది ఖాళీ చేసిచ్చిందీ ఈ మనిషే. తిడితే బాగుండును. చెంప పగలగొట్టినా బాగుండును.

"రాత్రి అన్నం ముట్టలేదటగా," అన్నాడు బావ. "ఒక్క ఓటుకి ఉపవాసాలేంట్రా? వచ్చేసారి ఆరే పెడదాం. మళ్ళీ నువ్వే చెయ్యాలి. నీకంటే నమ్మకస్తుడు నాకెవడు దొరుకుతాడు?"

అక్క పెన్ను పక్కన పడేసింది. గొంతు మెత్తబడింది.

"నేనే నోరు జారాను. పాపం పోలింగు రోజంతా ఫోన్లో అందరికీ దారి చెప్తూనే ఉన్నాడు వీడు. గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు. నీ పనికి వంక పెట్టగలం గానీ నీ మనసుకి పెట్టలేం రా."

తమ్ముడు గ్లాసు నేల మీద పెట్టేశాడు.

"మొత్తం తప్పు నాదే బావా."

"మళ్ళీ అదే పాట! నీ తప్పేం లేదంటున్నానా? ఆ మెనూదిరా!"

తమ్ముడు వంగి అక్క పరిచిన ఓటర్ల జాబితా మడతపెట్టాడు.

మూడొందల మెజారిటీలో ఒకటి తగ్గితే బావకి ఆనవాలు కూడా తెలియదులే అనుకుని, బావ ఎగతాళి చేసిన ఆ చక్కటి ఒక్క పేజీకి ముచ్చటపడి, పోలింగు రోజు పొద్దున అందరికంటే ముందు లైన్లో నిలబడి అతను ఓటేసింది నర్సమ్మకే.